గుచ్ఛాన్ని తూచేదెలా? కృష్ణ పదార్థం, వేడి వాయువులపై పాఠకుల ప్రశ్నలు

గెలాక్సీ గుచ్ఛాల (గురుత్వంతో గుంపుగా కట్టుబడి ఉన్న వందలాది గెలాక్సీల) గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి వెనక ఒకే అనుమానం ఉంది. కృష్ణ పదార్థం, అంటే వెలుగు ఇవ్వకుండా గురుత్వం ద్వారా మాత్రమే తెలిసే పదార్థం, లెక్క కుదరనప్పుడు పెట్టుకున్న పేరా, నిజంగా కొలిచిన సంగతా అని. అందుకే ఈసారి కొలత ఎలా జరుగుతుంది, ఎక్కడ తప్పుతుంది అని అడిగిన ప్రశ్నలకే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: గుచ్ఛాల్లో గెలాక్సీల మధ్య బోలెడంత వేడి వాయువు ఉందని చదివాను. అదీ మామూలు టెలిస్కోపుకు కనపడదు. లెక్కకు అందని బరువు అదే అనుకుంటే పోదా? కొత్త పదార్థం దేనికి?
– హైస్కూల్ సైన్స్ టీచర్, పార్వతీపురం

జవాబు: చరిత్రలోనూ ఈ అనుమానం ఇదే వరుసలో వచ్చింది. 1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ కోమా గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలు చూశాడు. 800 గెలాక్సీలు, ఒక్కోదాని బరువు 100 కోట్ల సూర్యులంత, గుచ్ఛం వ్యాసార్థం 10 లక్షల కాంతి సంవత్సరాలు అని అంచనా వేసుకున్నాడు. ఆ బరువుకు గెలాక్సీలు సెకనుకు 80 కి.మీ. చొప్పున కదిలితే చాలు. కనిపించింది 1000 కి.మీ. పైమాటే. అంత వేగంతో తిరిగేవి చెదిరిపోకుండా ఉండాలంటే సాంద్రత కనీసం 400 రెట్లు ఎక్కువ ఉండాలని తేల్చాడు.

ఆ 400 అనే అంకెను ఇప్పటికీ చాలా వ్యాసాలు అలాగే ఎత్తి రాస్తున్నాయి. దాన్ని సరిచేసుకోవాలి. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పేది హబుల్ స్థిరాంకం, దాన్నిబట్టే గెలాక్సీల దూరం కడతారు. అప్పట్లో దాన్ని 558గా తీసుకునేవారు. ఇప్పుడది 70కి దగ్గర. అంటే కోమా అప్పుడు అనుకున్నదానికి 8 రెట్లు దూరంలో, సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. దూరం 8 రెట్లయితే వేగాన్నిబట్టి కట్టే బరువు 8 రెట్లవుతుంది, వెలుగు మాత్రం 64 రెట్లవుతుంది. కాబట్టి బరువుకూ వెలుగుకూ ఉన్న నిష్పత్తి ఎనిమిదో వంతుకు దిగుతుంది. 400 కాస్తా సుమారు 50 అవుతుంది.

ఇక మీరన్న వాయువు. 1970 డిసెంబరు 12న కెన్యా తీరంలోని సాన్ మార్కో వేదిక నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం కోమా, పెర్సియస్, విర్గో గుచ్ఛాల నుంచి ఎక్స్-కిరణాలు వస్తున్నట్టు చూసింది. అవి చుక్కలా ఒక్కచోటి నుంచి కాక, గుచ్ఛమంతా పరుచుకుని వస్తున్నాయి. 1976లో బ్రిటిష్ ఉపగ్రహం ఏరియల్-5 పెర్సియస్ వర్ణపటంలో 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇనుము గీతను పట్టుకుంది. (ఇది కిరణాల శక్తికి కొలమానం, ఇకపై కేఈవీ అందాం.) ఆ గీతతో అది వేడి వాయువేనని రుజువైంది. దాన్ని తూచి చూస్తే నక్షత్రాలన్నిటి బరువుకు ఐదారు రెట్లు తేలింది. చిన్న సంగతి కాదు: గుచ్ఛంలోని మామూలు పదార్థంలో అధిక భాగం గెలాక్సీల్లో లేదు, వాటి మధ్య ఉంది.

అయినా లెక్క నిండదు. 50 వంతుల్లో నక్షత్రాలు ఒకటి, వాయువు ఆరు అనుకున్నా ఇంకా 43 మిగులుతాయి. పెద్ద గుచ్ఛాల్లో ఇప్పటి కొలతలు చూస్తే నూటికి దాదాపు 85 వంతులు కృష్ణ పదార్థం, 12–13 వాయువు, 2–3 నక్షత్రాలు. దీనితో ఏ సంబంధమూ లేని మరో దారి ఉంది. విశ్వం తొలినాటి సూక్ష్మతరంగ నేపథ్యాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో మొత్తం పదార్థంలో మామూలుది నూటికి 16 వంతులే. గుచ్ఛంలో తూచింది 15. రెండు కొలతల పద్ధతి వేరు, పనిముట్టు వేరు, చూసిన కాలం వేరు. అవి ఇంత దగ్గరగా రావడం కన్నా గట్టి ఆధారం ఈ విషయంలో మరొకటి లేదని మా అభిప్రాయం.

ప్రశ్న: పది కోట్ల డిగ్రీల వాయువు అంటున్నారు. దాన్ని వేడెక్కించిన మంట ఏది? ఇన్నేళ్లయినా చల్లారదెందుకు? అందులో చెయ్యి పెడితే ఏమవుతుంది?
– ఇంటర్ విద్యార్థిని, జగిత్యాల

జవాబు: మంట లేదు. బరువే వేడెక్కించింది. గుచ్ఛం గురుత్వాకర్షణకు లోపలికి పడే వాయువు సెకనుకు 1000 కి.మీ. వేగం అందుకుంటుంది. అన్ని వైపుల నుంచీ వచ్చి ఢీకొన్నప్పుడు అఘాత తరంగాలు పుట్టి ఆ వేగం వేడిగా మారుతుంది. ప్రోటాన్, ఎలక్ట్రాన్ల సగటు బరువు తీసుకుని లెక్క కడితే 1000 కి.మీ. వేగానికి 6 కేఈవీ వస్తుంది. ఒక కేఈవీ అంటే 1.16 కోట్ల డిగ్రీలు కనుక అది 7 కోట్ల డిగ్రీలు. కోమాలో కొలిచింది సుమారు 8 కేఈవీ. ఒక సంగతి గమనించండి: గెలాక్సీల వేగమూ వాయువు వేడీ విడివిడిగా కొలిచినవి, కానీ రెండూ ఒకే బరువును చూపిస్తున్నాయి.

చల్లారకపోవడానికి కారణం పలచదనం. ఘనమీటరుకు వెయ్యి ప్రోటాన్లు మాత్రమే. మనం పీల్చే గాలిలో అదే చోట పాతిక వేల కోట్ల కోట్ల కోట్లకు దగ్గరగా అణువులుంటాయి. ఎలక్ట్రాన్ ప్రోటాన్ పక్క నుంచి వంగి వెళ్లినప్పుడే ఎక్స్-కిరణం పుడుతుంది. ఇంత పలచని చోట అలా ఎదురుపడటమే అరుదు. ఈ సాంద్రతకు, 10 కోట్ల డిగ్రీలకు చల్లారే కాలం 8,500 కోట్ల ఏళ్లు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే.

చెయ్యి పెడితే వాయువు వేడికి కాలదు. దీపావళినాడు కాకరపువ్వొత్తి నిప్పురవ్వలు చేతి మీద పడినా కాలదు కదా, వేడి ఎక్కువే అయినా రవ్వలో పదార్థం చాలదు. ఇక్కడ ఘనమీటరు వాయువులో ఉన్న మొత్తం వేడి ఒక జౌలును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో నాలుగు.

ప్రశ్న: వాయువును చూసి కృష్ణ పదార్థాన్ని తూచే సూత్రం వివరంగా, అంకెలతో చెప్పండి. ఎంతవరకు నమ్మొచ్చు?
– బీఎస్సీ ఫిజిక్స్ విద్యార్థి, ఏలూరు

జవాబు: వాయువు లోపలికి కూలిపోవడం లేదు, బయటికి ఎగిరిపోవడం లేదు. కాబట్టి ప్రతి వ్యాసార్థం దగ్గరా లోపలికి లాగే గురుత్వాన్ని బయటికి నెట్టే పీడనం ఆపుతోంది. పీడనం కావాలంటే రెండు తెలియాలి, సాంద్రత, ఉష్ణోగ్రత. ఎక్స్-కిరణాల ప్రకాశం సాంద్రత వర్గాన్నిబట్టి ఉంటుంది కనుక ప్రకాశం నుంచి సాంద్రత దొరుకుతుంది. వర్ణపటం ఆకారం నుంచి ఉష్ణోగ్రత దొరుకుతుంది. ఈ రెండూ కేంద్రం నుంచి బయటికి ఎలా పడిపోతున్నాయో తెలిస్తే ఆ వ్యాసార్థం లోపలున్న మొత్తం బరువు తేలుతుంది. ఆ బరువు దేనితో తయారైందన్న ప్రశ్నే ఈ లెక్కలో రాదు.

చేతితో కట్టుకోవడానికి వీలుగా ఇలా రాసుకోండి: బరువు = 37 లక్షల కోట్ల సూర్యులు × కేఈవీలో ఉష్ణోగ్రత × మెగాపార్సెక్‌లలో వ్యాసార్థం × వాలు. ఒక మెగాపార్సెక్ అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. వాలు అంటే వ్యాసార్థం రెట్టింపైనప్పుడు సాంద్రత నాలుగో వంతుకు పడితే 2, ఎనిమిదో వంతుకు పడితే 3. ఉష్ణోగ్రత కూడా బయటికి తగ్గుతుంటే దాని వాలునూ దీనికి కలపాలి.

కోమాకు ఉష్ణోగ్రత 8, వ్యాసార్థం 1, సాంద్రత వాలు సుమారు 2.1 తీసుకోండి. ఉష్ణోగ్రత మారదనుకోండి. 37 × 8 × 2.1 అంటే 620 లక్షల కోట్లు, అంటే 6.2 కోట్ల కోట్ల సూర్యులు. అదే వ్యాసార్థంలో వాయువు బరువు ఇందులో ఎనిమిదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. మిగతాదానిలో నక్షత్రాల వాటా తీసేస్తే ఉండేది కృష్ణ పదార్థం.

ఇక నమ్మకం సంగతి. ఉష్ణోగ్రతలో నూటికి 10 వంతులు తప్పితే బరువులో నేరుగా 10 వంతులు తప్పుతుంది. ఇది ఊహకు అందని తప్పేమీ కాదు, బాగా వేడైన గుచ్ఛాలకు అమెరికా ఎక్స్-కిరణ ఉపగ్రహం చంద్ర ఇచ్చే ఉష్ణోగ్రత ఐరోపా ఎక్స్-కిరణ ఉపగ్రహం ఎక్స్ఎంఎం-న్యూటన్ ఇచ్చేదానికన్నా ఎక్కువగా వస్తుంది. రెండోది, సమతుల్యత అనుకోవడం. రెండు గుచ్ఛాలు కలుస్తున్నప్పుడు వాయువు చిలికినట్టు కదులుతుంది, ఆ కదలికా కొంత బరువును మోస్తుంది, అది ఉష్ణోగ్రతలో కనపడదు. అందుకే ఈ పద్ధతిలో బరువు సాధారణంగా నూటికి 10 నుంచి 30 వంతులు తక్కువగా వస్తుందని అంచనా. కోమా కూడా పూర్తిగా ప్రశాంతమైనది కాదు. నడిమధ్యలో రెండు పెద్ద గెలాక్సీలున్నాయి, నైరుతిలో ఎన్జీసీ 4839 చుట్టూ ఉన్న గుంపు వేరుగా కనిపిస్తుంది. మూడోది అంచుల్లో వాయువు గడ్డలు గడ్డలుగా ఉండటం. ప్రకాశం సాంద్రత వర్గంతో పోతుంది కనుక గడ్డలుంటే వాయువు బరువును ఎక్కువగా చూపిస్తుంది.

ఇవన్నీ కలిపినా తప్పు 30 శాతం దగ్గర ఆగుతుంది. కృష్ణ పదార్థం అవసరం లేకుండా పోవాలంటే లెక్క ఆరేడు రెట్లు తప్పాలి.

ప్రశ్న: మా దగ్గర మామూలు లాప్‌టాప్ ఉంది. నిజమైన డేటాతో ఒక గుచ్ఛం ఉష్ణోగ్రత మేమే కొలవగలమా? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అడుగుతున్నాం.
– ఇద్దరు విద్యార్థులు, హన్మకొండ

జవాబు: కొలవగలరు. 1999 జులై 23న ఎగిరిన చంద్ర ఎక్స్-కిరణ టెలిస్కోపు డేటా భాండాగారం అందరికీ ఉచితం. దాని సాఫ్ట్‌వేర్ సియావో కూడా ఉచితమే. లైనక్స్, మాక్ మీద నడుస్తుంది. విండోస్ లాప్‌టాప్ అయితే అందులోనే లైనక్స్ పెట్టుకోండి. వర్ణపటం కోసం ఎక్స్‌స్పెక్ లేదా సియావోతో వచ్చే షెర్పా, చిత్రం చూడటానికి డీఎస్9 చాలు.

మొదట గుచ్ఛం ఎంపిక. ఇక్కడే సగం ప్రాజెక్టులు చెడతాయి. కోమా తీసుకోకండి, మరీ దగ్గర. చంద్ర కెమెరా ఏసిస్-ఐ చూసే చదరం భుజం సుమారు 17 ఆర్క్‌నిమిషాలు. ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. కోమా దూరంలో ఆ భుజం అర మెగాపార్సెక్ కన్నా తక్కువ, గుచ్ఛం మధ్యభాగం మాత్రమే పడుతుంది. మళ్లీ మరీ దూరమైతే ఫోటాన్లు చాలవు. రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచం వల్ల కాంతి ఎరుపు వైపు జరిగిన కొలత, అది ఎక్కువైతే దూరమూ ఎక్కువ) 0.05 నుంచి 0.2 మధ్య, గుండ్రంగా, నెమ్మదిగా ఉన్నది కావాలి. ఏబెల్ 2029 మంచిది. రెడ్‌షిఫ్ట్ 0.077, ఉష్ణోగ్రత 8 కేఈవీ దరిదాపు. అక్కడ ఒక ఆర్క్‌నిమిషం అంటే దాదాపు 88 కిలోపార్సెక్‌లు.

డేటా దించుకున్నాక ముందు చంద్ర_రీప్రో ఆదేశంతో తాజా క్యాలిబ్రేషన్ వేసి మళ్లీ తయారు చేసుకోండి. ఈ మెట్టు దాటేస్తే ఉష్ణోగ్రత తప్పుతుంది. ఏసిస్ కెమెరా ముందున్న వడపోత పొర మీద ఏటేటా మురికి పేరుకుంటూ తక్కువ శక్తి కిరణాలను మింగేస్తోంది, ఆ సవరణ క్యాలిబ్రేషన్ ఫైళ్లలోనే ఉంటుంది. తర్వాత గుచ్ఛం లేని భాగంలో కాలంతో పాటు లెక్క ఎలా మారిందో గీయండి, 200–300 సెకన్ల ముక్కలుగా. సూర్యుడి వైపు నుంచి వచ్చే ప్రోటాన్ల జల్లు పడిన ముక్కల్లో లెక్క ఎగసి కనిపిస్తుంది. సగటు నుంచి మూడు సిగ్మాలు (సిగ్మా అంటే లెక్కలో సహజంగా వచ్చే ఊగిసలాట కొలత) దాటినవన్నీ తీసేయండి.

వేవ్‌డిటెక్ట్‌తో చుక్కల్లా ఉన్న మూలాలను గుర్తించి కత్తిరించండి. అయితే అది ఇచ్చిన జాబితాను కళ్లతో చూడకుండా వాడొద్దు. గుచ్ఛం కేంద్రంలోని ప్రకాశవంతమైన నడిభాగాన్నీ అది ఒక చుక్కే అనుకుని తీసేస్తుంది.

నేపథ్యానికి ఖాళీ ఆకాశపు ఫైళ్లు సియావోతోనే దొరుకుతాయి. వాటిని మీ డేటాకు సరిపోల్చేటప్పుడు 9.5 నుంచి 12 కేఈవీ మధ్య లెక్కలు చూడండి. ఆ శక్తి దగ్గర చంద్ర అద్దాలు దాదాపుగా ఏ కిరణాన్నీ కేంద్రీకరించలేవు, అక్కడ పడినదంతా కణాల నేపథ్యమే. అంచుల్లో గుచ్ఛం వెలుగు నేపథ్యం కన్నా తక్కువ కనుక ఇక్కడ 5 శాతం తేడా వచ్చినా బయటి ఉష్ణోగ్రతలు అర్థం లేనివవుతాయి.

ఇప్పుడు కేంద్రం చుట్టూ వలయాలు గీయండి. ఒక్కో వలయంలో నేపథ్యం తీసేశాక కనీసం 2,000–3,000 ఫోటాన్లు మిగిలేలా వెడల్పు పెట్టుకోండి. స్పెక్‌ఎక్స్‌ట్రాక్ట్‌తో వర్ణపటాలు తీసి, 0.7–7 కేఈవీ మధ్య, శోషణకు ఫాబ్స్, వాయువుకు ఏపెక్ నమూనాలు కలిపి అమర్చండి. రెడ్‌షిఫ్ట్‌నూ, మన పాలపుంతలోని హైడ్రోజన్ విలువనూ కదలకుండా బిగించండి. ఏబెల్ 2029 దిశలో ఆ హైడ్రోజన్ చదరపు సెంటీమీటరుకు 3 × 10²⁰ పరమాణువుల దరిదాపు. ఉష్ణోగ్రత, లోహాల శాతం, ప్రకాశం – ఈ మూడింటినే వదలండి. లోహాలు సూర్యుడిలో ఉన్నదాంట్లో మూడో వంతు దగ్గర వస్తే దారిలో ఉన్నట్టే. కేంద్రంలో ఇంకా ఎక్కువుంటుంది.

లోహాల విషయంలో ఒక ఉచ్చు ఉంది. ఎక్స్‌స్పెక్ మామూలుగా వాడే సూర్యుడి పట్టిక 1989 నాటిది. 2009 పట్టికకు మారిస్తే అదే వర్ణపటానికి ఇనుము శాతం దాదాపు ఒకటిన్నర రెట్లు వస్తుంది. పత్రాలతో పోల్చేటప్పుడు ముందు ఎవరు ఏ పట్టిక వాడారో చూడండి.

చివరగా, లోపలి వలయంలో కనిపించేది లోపలి వాయువొక్కటే కాదు. దాని ముందూ వెనకా ఉన్న బయటి పొరలూ అందులో కలిసి ఉంటాయి. బయటి నుంచి మొదలుపెట్టి ఒక్కో పొర వాటాను తీసుకుంటూ లోపలికి రావాలి. ఇది చేయకపోతే చల్లని నడిభాగం ఉన్నదానికన్నా వేడిగా కనిపిస్తుంది. ప్రాజెక్టు గడువు తక్కువుంటే ఈ మెట్టు వదిలి, ఆ సంగతి నివేదికలో స్పష్టంగా రాయండి. పరీక్షకులు దాన్ని తప్పుగా చూడరు.

ప్రశ్న: బుల్లెట్ గుచ్ఛం కృష్ణ పదార్థానికి రుజువు అంటారు. గురుత్వ నియమాన్నే మారిస్తే సరిపోదా? ఆ గుచ్ఛం మనకు ఏ దిక్కున ఉంది?
– విశ్రాంత ఇంజినీరు, సికింద్రాబాద్

జవాబు: దిక్కు ముందు చెబుతాం. ఫిబ్రవరి సాయంత్రాల్లో దక్షిణాన కిందుగా మెరిసే అగస్త్య నక్షత్రాన్ని చూడండి. దానికి ఆగ్నేయంగా సుమారు 6 డిగ్రీల దూరంలో ఉంది. హైదరాబాద్ నుంచి ఆ చోటు క్షితిజానికి 17 డిగ్రీల కన్నా పైకి లేవదు. గుచ్ఛం కంటికి కనపడదు, అక్కడి నుంచి వస్తున్న కాంతి దాదాపు 340 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరింది.

అక్కడ చిన్న గుచ్ఛం ఒకటి పెద్దదాన్ని ఛేదించుకుని అవతలికి వచ్చింది. ఇలా ఢీకొన్నప్పుడు మూడు రకాల సరుకు మూడు రకాలుగా నడుస్తుంది. గెలాక్సీల మధ్య ఖాళీ చాలా ఎక్కువ కనుక అవి ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోతాయి. వాయువు వాయువును ఢీకొని వెనకబడుతుంది, ముందు విల్లులా వంగిన అఘాత తరంగం ఏర్పడుతుంది. దాని వేగం ధ్వని వేగానికి మూడు రెట్లని చంద్ర చిత్రాల్లో మాక్సిమ్ మార్కెవిచ్ బృందం కొలిచింది. కృష్ణ పదార్థం ఉంటే అది ఎక్కడ ఉందో వెనకనున్న దూరపు గెలాక్సీల ఆకారాలు చెప్పాలి, బరువు ఉన్న చోట వాటి కాంతి వంగుతుంది కనుక.

ఈ వంపు కంటికి తెలిసేది కాదు. ఒక్కో గెలాక్సీ ఆకారంలో వచ్చే మార్పు కొద్ది శాతమే. గెలాక్సీ పుట్టుకతోనే కోలగా ఉంటుంది, ఆ కోలతనం దానికి పదింతలు. కాబట్టి వందల గెలాక్సీల సగటు తీయాలి. సగటు తీసేకొద్దీ రణగొణ వర్గమూలం చొప్పున తగ్గుతుంది. ఇందులో పెద్ద ప్రమాదం టెలిస్కోపే. అద్దం కొద్దిగా సాగదీసిన చిత్రం ఇస్తే ఆకాశంలో లేని బరువు కనపడుతుంది. దాన్ని సరిచేయడానికి అదే చిత్రంలోని నక్షత్రాలను వాడతారు, అవి చుక్కలుగా ఉండాలి కనుక ఎంత సాగాయో చూసి ఆ మేరకు తీసేస్తారు. ముందున్న గుచ్ఛం గెలాక్సీలు పొరపాటున లెక్కలో కలిసినా వంపు పలచబడి బరువు తగ్గి కనిపిస్తుంది.

2006లో డగ్లస్ క్లో, సహచరులు ఈ లెక్క చేసి ప్రచురించారు. బరువు శిఖరాలు వాయువు మీద లేవు, గెలాక్సీల మీద ఉన్నాయి. ఆ ఎడం 8 సిగ్మాలు, అంటే కాకతాళీయంగా వచ్చే అవకాశం దాదాపు లేదు. ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. నక్షత్రాలకన్నా వాయువు ఐదారు రెట్లు బరువు. మామూలు పదార్థం ఒక్కటే ఉండి, నియమం మాత్రమే వేరైతే బరువు శిఖరం బరువైన సరుకు మీద, అంటే వాయువు మీద ఉండాలి. నియమాన్ని మార్చే సిద్ధాంతాల్లో పేరున్న మాండ్‌ను తేలిగ్గా తీసిపారేయకూడదు, ఒక్కో గెలాక్సీ తిరిగే తీరును అది చక్కగా చెబుతుంది. కానీ గుచ్ఛాల దగ్గర, ఢీకొనని ప్రశాంతమైన వాటిలో కూడా, దానికి కనిపిస్తున్నదానికి రెట్టింపు బరువు కావాల్సి వస్తోంది. కనపడని పదార్థాన్ని తప్పించడానికి వచ్చిన సిద్ధాంతానికే కనపడని పదార్థం అవసరమైతే అది పెద్ద లోటే.

ఇదే గుచ్ఛం ఇంకో విలువైన సంగతి ఇచ్చింది. కృష్ణ పదార్థం తనను తాను ఢీకొంటే వాయువులా వెనకబడేది. వెనకబడలేదు కనుక, గ్రాముకు ఆ ఢీకొనే అడ్డుకోత (ఢీకొనే అవకాశం ఎంతో చెప్పే వైశాల్యం) సుమారు ఒక చదరపు సెంటీమీటరుకు మించదని హద్దు దొరికింది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఎక్స్-కిరణ పరికరాలతో బెలూన్లు ఎగిరేవి కదా. వాటితో ఈ వాయువును చూడలేకపోయారా?
– పాఠకుడు, ఈసీఐఎల్, హైదరాబాద్

జవాబు: టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం గురించి మీరన్నది నిజమే, మన దేశపు ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రంలో దానికి పెద్ద పాత్ర ఉంది. అయితే బెలూన్ సుమారు 40 కి.మీ. దాకా వెళ్లినా పైన ఇంకా మిగిలిన గాలి 20 కేఈవీ కన్నా తక్కువ శక్తి కిరణాలను ఆపేస్తుంది. గుచ్ఛాల వాయువు వెలుగులో అత్యధిక భాగం 10 కేఈవీ లోపే. దానికి రాకెట్లు, ఉపగ్రహాలే కావాలి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లోని మెత్తని (తక్కువ శక్తి) ఎక్స్-కిరణాల టెలిస్కోపు 0.3–8 కేఈవీ చూస్తుంది, అంటే సరిగ్గా ఈ మేరలోనే. దాని చిత్రం 2 ఆర్క్‌నిమిషాల మేర అలుక్కుపోతుంది కనుక సగటు ఉష్ణోగ్రతకు పనికొస్తుంది, సన్నని వలయాలకు కాదు. పుణె దగ్గర ఖొడద్‌లోని 30 యాంటెన్నాల జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ఇంకో వైపు నుంచి పనిచేస్తోంది. గుచ్ఛాలు ఢీకొన్నప్పుడు వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్ల రేడియో వెలుగును అది పట్టుకుంటుంది.

ప్రశ్న: మా క్లబ్ దగ్గర 8 అంగుళాల టెలిస్కోపు ఉంది. గుచ్ఛం ఏదైనా చూడొచ్చా?
– విజయనగరం

జవాబు: వాయువు కనపడదు, గెలాక్సీలు చూడొచ్చు. ఏప్రిల్, మే రాత్రుల్లో బీటా కోమా నక్షత్రాన్ని పట్టుకుని రెండున్నర డిగ్రీలు పడమరకు జరపండి. ఎన్జీసీ 4889, 4874 అనే రెండు మసక మచ్చలు కోమా నడిబొడ్డు. మన ఆకాశంలో ఆ చోటు దాదాపు నడినెత్తికి వస్తుంది, అది మనకు అనుకూలం. పట్నం వెలుగులో ఆశపెట్టుకోకండి. మొదటిసారైతే విర్గోతో మొదలుపెట్టడం మేలు. ఉత్తర ఫల్గుణికీ, కన్యారాశిలోని ఎప్సిలాన్‌కూ సరిగ్గా మధ్యలో ఎం84, ఎం86 పక్కపక్కనే ఉంటాయి. కొద్ది దూరంలోని ఎం87 చుట్టూ రెండు కేఈవీ పైన వేడున్న వాయువు ఉంది.

ప్రశ్న: వాయువు చల్లారదన్నారు. మరి పెర్సియస్ గుచ్ఛంలో చల్లారుతోందని, అది శబ్దం చేస్తోందని చదివాను. ఏది నిజం?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

జవాబు: రెండూ నిజమే. పైన చెప్పిన 8,500 కోట్ల ఏళ్లు పలచని వాయువుకు. కొన్ని గుచ్ఛాల నడిభాగంలో సాంద్రత 50 రెట్లు పైనే ఉంటుంది, ఉష్ణోగ్రత తక్కువ. అక్కడ చల్లారే కాలం 100 కోట్ల ఏళ్ల లోపుకు దిగుతుంది. ఆ లెక్కన ఏటా వందల సూర్యులంత వాయువు చల్లబడి నక్షత్రాలుగా మారాలి. చూస్తే అందులో కొద్ది భాగమే ఉంది. ఈ చిక్కు చాలా ఏళ్లు వేధించింది. కేంద్ర గెలాక్సీలోని కృష్ణబిలం నుంచి ఎగసే ప్రవాహాలు వాయువులో బుడగలు చేసి వేడిని తిరిగి పోస్తున్నాయని చంద్ర చిత్రాలు చూపించాయి. పెర్సియస్‌లో ఆ బుడగల చుట్టూ కనిపించిన అలలు నిజమైన పీడన తరంగాలు. 2003లో వాటి స్వరాన్ని లెక్కగట్టారు, పియానో నడిమి స్వరానికి 57 స్థాయిలు (ఆక్టేవ్‌లు) కింద. చెవికి వినపడేలా విడుదల చేసినవి ఆ తరంగాన్ని ఎన్నో స్థాయిలు పైకి లేపి తయారు చేసినవి.

2016లో జపాన్ హిటోమి ఉపగ్రహం అదే పెర్సియస్ నడిభాగంలో ఇనుము గీత వెడల్పును 5 ఎలక్ట్రాన్ వోల్టుల పదునుతో కొలిచి, వాయువు అల్లకల్లోల వేగం సెకనుకు 164 కి.మీ. అని చెప్పింది. ఆ కదలిక పీడనం ఉష్ణ పీడనంలో నూటికి 4 వంతులే. కృష్ణబిలం అంత గోల చేస్తున్న చోట కూడా సమతుల్యత లెక్క అంతగా చెడలేదని దీనివల్ల తెలిసింది. ఫిబ్రవరిలో ఎగిరిన ఆ ఉపగ్రహం మార్చి చివర్లోనే అదుపు తప్పి ముక్కలైంది.

ప్రశ్న: 3.5 కేఈవీ దగ్గర కృష్ణ పదార్థం గీత దొరికిందన్న వార్త ఏమైంది?
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: 2014లో 73 గుచ్ఛాల ఎక్స్ఎంఎం-న్యూటన్ వర్ణపటాలను కలిపి చూసినప్పుడు ఏ తెలిసిన మూలకానికీ సులువుగా అంటగట్టలేని బలహీనమైన గీత కనిపించింది. స్టెరైల్ న్యూట్రినో అనే కణం విచ్ఛిన్నమైతే అలాంటి గీత రావచ్చు. చిక్కల్లా ఆ చుట్టుపక్కలే పొటాషియం, ఆర్గాన్ గీతలుండటం. సీసీడీ కెమెరాల పదును 100 ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలోదే, పక్కపక్క గీతలను అది విడదీయలేదు. పెర్సియస్‌లో మరీ బలంగా ఉందన్న గీత హిటోమి వర్ణపటంలో కనపడలేదు. హిటోమి చూసిన కాలం తక్కువ కనుక మిగతా గుచ్ఛాల సగటు గీతను అది కొట్టివేయలేకపోయింది.

2023 సెప్టెంబరు 7న ఎగిరిన ఎక్స్‌రిజం ఉపగ్రహంలో అదే తరహా పరికరం ఉంది. దాని ముందున్న తలుపు తెరుచుకోకపోవడంతో సుమారు 1.7 కేఈవీ కన్నా తక్కువ శక్తి కిరణాలు లోపలికి రావడం లేదు. 3.5 కేఈవీ, ఇనుము 6.7 కేఈవీ రెండూ ఆ హద్దుకు పైనే ఉన్నాయి కాబట్టి ఈ పనికి అడ్డు లేదు. అయితే అది ఒక్కసారికి 3 ఆర్క్‌నిమిషాల చదరాన్నే చూడగలదు. కృష్ణ పదార్థం గుచ్ఛమంతా పరుచుకుని ఉంటుంది, అందుకే ఒక్క గుచ్ఛంతో కాక, చాలా గుచ్ఛాల మీద ఏళ్ల తరబడి పోగైన డేటాను కలిపి చూడాల్సి ఉంటుంది.